డయాలసిస్ మీద ఉన్నవారికి నోటి క్యాన్సర్ ఆపరేషన్: ముందే తేల్చుకోవలసిన విషయాలు

విశాఖపట్నంలోని ఒక డయాలసిస్ యూనిట్‌లో నేను నర్సుగా పనిచేస్తున్నాను. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి, అంటే కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి, నగరంలో బంధువుల ఇళ్ళలో ఉంటూ వారానికి మూడుసార్లు మా మంచాల మీద పడుకునేవారు ఎప్పుడూ ఉంటారు. అదే తీరంలో, శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో, పెద్దవయసు ఆడవాళ్ళు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు తరాల నుంచి ఉంది. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారి, పుండుపడి, కొందరికి అక్కడే క్యాన్సర్ పుడుతుంది. ఖైనీ, గుట్కా బుగ్గలో అదిమిపెట్టుకునేవారికి బుగ్గలోనో చిగురు దగ్గరో వస్తుంది. కిడ్నీలు పోయిన మనిషికి ఈ రెండో జబ్బు కూడా తోడైతే ఇంట్లోవాళ్ళు దిక్కుతోచక మా దగ్గరికి వచ్చి అడిగే ప్రశ్నలనూ, నా సొంత పెద్దమ్మ విషయంలో నేను ఆలస్యంగా తెలుసుకున్న సంగతులనూ కలిపి ఇది రాస్తున్నాను.

నోటి క్యాన్సర్ ఆపరేషన్‌లో రెండు పనులు ఉంటాయి. మొదట గడ్డను, దాని చుట్టూ ఉన్న మంచి కండను కొంత, మెడలోని లింఫు గ్రంథులను తీసేస్తారు. తరువాత ఆ ఖాళీని శరీరంలో మరోచోటి నుంచి తెచ్చిన చర్మంతో, కండతో, దవడ ఎముక పోతే ఎముకతో కూడా పూడుస్తారు. అలా తెచ్చి అతికిన భాగాన్ని ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ బతకాలంటే దానికి రక్తం నిలకడగా అందాలి. డయాలసిస్ సాగాలన్నా రక్తనాళాలే ఆధారం. చాలాసార్లు ఈ రెండింటికీ కావలసినవి అవే నాళాలు, అవే రోజులు. క్యాన్సర్ డాక్టరు ఫైలు ఒకచోట, కిడ్నీ డాక్టరు ఫైలు ఇంకోచోట ఉన్నంతకాలం ఈ తగాదా ఎవరి కంటా పడదు, పడేసరికి రోగి ఆపరేషన్ బల్ల మీద ఉంటారు. అందుకే ఆపరేషన్ తేదీ ఖరారు కాకముందే ఆ ఇద్దరి చేతా ఒకే కాగితం మీద రాయించుకోవడం ఇంట్లోవాళ్ళు చేయగలిగిన అతి ముఖ్యమైన పని అని నేను నమ్ముతాను.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు

విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ కింద నడిచే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులూ చాలా ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళినా పేరు చూసి కాకుండా కొన్ని ప్రశ్నలు అడిగి నిర్ణయించుకోండి. రోగిని కదపకుండా ఐసీయూ మంచం పక్కకే యంత్రం తెచ్చి డయాలసిస్ చేస్తారా? రాత్రి 2 గంటలకు పొటాషియం పెరిగితే డయాలసిస్ చేసే టెక్నీషియన్ అందుబాటులో ఉంటారా? ఫ్లాప్‌కు రక్తం ఆగితే అదే రాత్రి మళ్ళీ థియేటరుకు తీసుకువెళ్ళగల సర్జన్ ఉంటారా? ఈ మూడింటికీ అవునని జవాబు రాని చోట, సర్జన్ ఎంత నిపుణులైనా, డయాలసిస్ రోగికి పెద్ద ఫ్లాప్ ఆపరేషన్ చేయించవద్దని నేను మా రోగులకు చెబుతాను. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షల తాజా రిపోర్టులు ఫైల్లో పెట్టుకోండి, అవి లేకపోతే కొత్త చోట యంత్రం కేటాయించడమే ఆలస్యమవుతుంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్‌దీ డయాలసిస్‌దీ వేర్వేరు ప్యాకేజీలు కాబట్టి, డయాలసిస్ ఒకచోట నమోదై ఉండి ఆపరేషన్ మరోచోట జరిగితే ఆ రోజుల డయాలసిస్ ఏ లెక్కలోకి వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర చేరకముందే తేల్చుకోండి.

ముంజేతి సంగతి

నాలుకకూ, నోటి అడుగుభాగానికీ, బుగ్గ లోపలి పొరకూ సర్జన్లు ఎక్కువగా ఇష్టపడే ఫ్లాప్ ముంజేతి నుంచి వస్తుంది. అక్కడి చర్మం పలచగా, మెత్తగా ఉండి నాలుకలాగా వంగుతుంది, రక్తనాళం పొడవుగా ఉండి మెడ దాకా సులువుగా అందుతుంది. ఆ ఫ్లాప్‌తో పాటు మణికట్టు దగ్గర మనం నాడి చూసే రేడియల్ ధమనిని కూడా తీసుకుంటారు. డయాలసిస్ సూదులు గుచ్చే చోటైన ఫిస్టులాను చాలామందికి సరిగ్గా ఆ ధమనినే పక్కనున్న సిరతో కలిపి తయారుచేస్తారు. ఫిస్టులా ఉన్న చేతి నుంచి ఈ ఫ్లాప్ తీయకూడదని అందరికీ తెలుసు. చాలామంది మరిచిపోయేది రెండో చేతి సంగతి. ఇప్పుడున్న ఫిస్టులా ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోతే కొత్తది పెట్టడానికి మిగిలేది ఆ చేయే. దాని ధమనినీ సిరలనూ ఫ్లాప్ కోసం ఖర్చుపెడితే రేపటి డయాలసిస్‌కు దారి తగ్గిపోతుంది. ఇంకా డయాలసిస్ మొదలుకాని, కిడ్నీ జబ్బు ముదిరిన రోగికీ ఈ మాట అంతే వర్తిస్తుంది. కాబట్టి ముంజేతి ఫ్లాప్ అన్న మాట వినబడగానే, మా మనిషికి డయాలసిస్ ఉంది, తొడ నుంచి తీయడానికి కుదరదా అని మీరే అడగండి.

ఫిస్టులా ఉన్న చేతి మీద చెవి పెడితే గాలి హోరులాంటి శబ్దం వినిపిస్తుంది, మూడు వేళ్ళు ఆనిస్తే చర్మం కింద పిల్లి గురగురలాంటి అదురు తగులుతుంది. మేము దాన్ని థ్రిల్ అంటాము. మా పెద్దమ్మకు బుగ్గ క్యాన్సర్ ఆపరేషన్ జరిగిన మర్నాడు ఉదయం ఐసీయూలోకి వెళ్ళి అలవాటుగా ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టాను. ఏమీ తగల్లేదు. కాస్త పైకి జరిపి చూశాను, మోచేతి మడతలో బిగుతుగా చుట్టిన పట్టీ కింద కూడా ఏమీ లేదు. ఆపరేషన్ సాగినన్ని గంటలూ ఆ చేతిని దుప్పటితో ఒంటికి ఆనించి బిగించారని, మధ్యలో బీపీ కొంతసేపు పడిపోయిందని తరువాత తెలిసింది. ఫిస్టులాలో రక్తం గడ్డకట్టింది. మెడలో అప్పుడే కుట్లు వేశారు కనుక అక్కడ గొట్టం పెట్టే వీలు లేక, తొడ దగ్గర తాత్కాలిక గొట్టం పెట్టి డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. నేను ముందురోజు థియేటరు వాళ్ళకు నోటితో చెప్పాను కానీ రాయించలేదు. మీరు రాయించండి. ఆపరేషన్ రోజు ఉదయం ఆ చేతి చర్మం మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలతో, ఈ చేతికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు, బిగించి కట్టవద్దు అని రాసి, ఆ చేతిని దూది మీద వదులుగా, కనబడేలా ఉంచమని మత్తు డాక్టరుతో మాట్లాడండి. థ్రిల్ ఉన్నదో లేదో ఆపరేషన్ అయిన వెంటనే ఒకసారి, తరువాత నాలుగేసి గంటలకు ఒకసారి చూసి చార్టులో రాయమని అడగడంలో తప్పేమీ లేదు.

మెడలో గొట్టం ఉన్నవారు, లేదా ఒకప్పుడు ఉన్నవారు

ఫిస్టులా పండడానికి, అంటే సూదులకు తగినంత బలపడడానికి, ఆరు వారాలో అంతకన్నా ఎక్కువో పడుతుంది కాబట్టి, చాలామందికి డయాలసిస్ మెడ గొట్టంతోనే మొదలవుతుంది. ఎక్కువగా అది కుడివైపు పెద్ద సిరలో ఉంటుంది. ఫ్లాప్ నుంచి తిరిగివచ్చే రక్తాన్ని కలపడానికి సర్జన్‌కు కావలసింది కూడా ఆ సిరే, లేదా దాని కొమ్మలు. గొట్టం చాలాకాలం ఉన్నచోట, అది తీసేసిన తరువాత కూడా, ఛాతీలోకి దిగే పెద్ద సిర సన్నబడి ఉండవచ్చు. చేయి ఉబ్బడం, ముఖం ఒకవైపు వాచడం, ఛాతీ మీద సన్నని సిరలు పైకి తేలి కనబడడం దానికి గుర్తులు. అలాంటి వైపు ఫ్లాప్‌ను కలిపితే రక్తం లోపలికి వస్తుంది కానీ బయటికి పోదు, ఫ్లాప్ నీలంగా ఉబ్బి పాడైపోతుంది. ఎప్పుడెప్పుడు ఏ వైపు గొట్టం పెట్టారో తేదీలతో ఒక కాగితం మీద రాసి సర్జన్‌కు ఇవ్వండి, మెడ సిరలకు రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కాన్ చేయించమని అడగండి. ఇంకా గొట్టం పెట్టని వారైతే, గడ్డ ఉన్న వైపు కాకుండా రెండోవైపు పెట్టించుకోవడం గురించి మాట్లాడండి.

రక్తనాళాల్లో సున్నం పేరుకోవడం డయాలసిస్ రోగుల్లో మామూలు. దవడ ఎముక తీసినప్పుడు కాలి పక్క ఎముకైన ఫిబ్యులాను తెచ్చి దవడగా అమర్చే పద్ధతి 1989 నుంచి వాడుకలో ఉంది, మంచి పద్ధతే. అయితే కాళ్ళ ధమనులు గట్టిపడినవారికి, అందులోనూ షుగర్ ఉన్నవారికి, అది తీయడానికి ముందు రక్తనాళాలను చూపే సిటీ యాంజియో స్కాన్ తప్పనిసరిగా చూడాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినవారు ఆ పరీక్షలో ఎక్కించే రంగు మందు గురించి భయపడనక్కరలేదు, దాని కోసం వెంటనే డయాలసిస్ చేయవలసిన పనీ సాధారణంగా ఉండదు. రోజుకు కొంతైనా మూత్రం వస్తున్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి, ఆ కొద్దిపాటి మూత్రం చాలా విలువైనది.

ఏ ఫ్లాప్, ఎంత ఆపరేషన్

తొడ నుంచి తీసి, సూక్ష్మదర్శిని కింద మెడ నాళాలకు కుట్టే ఫ్లాప్ చక్కగా అమరుతుంది, మాట, మింగడం మెరుగ్గా వస్తాయి. దానికి 8 నుంచి 12 గంటల ఆపరేషన్ పడుతుంది. ఛాతీ కండను, దాని రక్తనాళం తెగకుండానే, కాలర్ ఎముక మీదుగా మెడలోకి తిప్పి నోటికి చేర్చే పద్ధతి 1979లో వెలుగులోకి వచ్చింది. దాన్ని మన దేశంలో ఇప్పటికీ విస్తారంగా చేస్తారు. అది లావుగా ఉంటుంది, మెడ కొంత బిగుసుకుంటుంది, కానీ సమయం తక్కువ పడుతుంది, సన్నని నాళాల కుట్ల మీద ఆధారపడదు. గుండె బలహీనంగా ఉన్న, ఎకో (గుండె స్కాన్)లో పంపింగ్ తగ్గిన డయాలసిస్ రోగికి సర్జన్ దీన్నే సూచిస్తే, తక్కువరకం వైద్యం చేస్తున్నారని అనుకోకండి. ఫిస్టులా ఉన్నవైపు ఛాతీ కండ తీయాల్సి వస్తే, ఆ వైపు సిరలో అడ్డు లేదని చూశారా అని మాత్రం అడగండి.

అడ్డపొగ వల్ల అంగిలి మీద వచ్చిన క్యాన్సర్‌కు ఇంకో దారి ఉంది. అంగిలిలో కొంత తీసిన తరువాత ఏర్పడే రంధ్రాన్ని ఫ్లాప్‌తో పూడ్చకుండా, కట్టుడు పళ్ళ సెట్టులాంటి ఆబ్ట్యురేటర్ అనే పరికరంతో మూయవచ్చు. దంత వైద్యులు ఆపరేషన్‌కు ముందే అచ్చు తీసి దాన్ని తయారుచేస్తారు. అది పెట్టుకుంటే అన్నం ముక్కులోకి రాదు, మాట ముక్కుతో రాదు. రోజూ తీసి కడుక్కోవాలి, నోరు తగినంత తెరుచుకోవాలి, కొన్నాళ్ళకు మళ్ళీ సరిచేయించాలి. అయినా సగం రోజు మత్తును తట్టుకోలేని వృద్ధురాలికి ఇది గొప్ప మేలు. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు.

పొట్టలో నీళ్ళు నింపి ఇంట్లోనే చేసుకునే సీఏపీడీ డయాలసిస్ మీద ఉన్నవారికి చాలా చిక్కులు తప్పుతాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు అక్కరలేదు, బీపీ ఒక్కసారిగా పడదు. వారికి పొట్ట కండ నుంచి ఫ్లాప్ తీయకూడదు, తిండి కోసం పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెట్టే పద్ధతి కూడా ఇన్‌ఫెక్షన్ భయం వల్ల వద్దంటారు.

ఆపరేషన్ ముందురోజు, తరువాతి మూడు రోజులు

సాధారణంగా ఆపరేషన్‌కు ముందురోజు డయాలసిస్ చేసి, రోగిని డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) దగ్గరకు తెచ్చి, పొటాషియం ఆపరేషన్ ఉదయం మళ్ళీ చూస్తారు. అది 5.5 దాటి ఉంటే చాలామంది మత్తు డాక్టర్లు ఆగుతారు. మరీ ఎక్కువ నీరు లాగి పంపితే మత్తు ఇవ్వగానే బీపీ పడుతుంది, కాబట్టి ఆ రోజు డ్రై వెయిట్ కన్నా తక్కువకు దించమని అడగవద్దు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే వారాల ముందే సరిచేసుకోవాలి. క్యాన్సర్ ఉన్నవారికి రక్తం పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ విషయంలో కిడ్నీ డాక్టరు జాగ్రత్తగా లెక్కవేస్తారు. రక్తం ఎక్కించడం వల్ల శరీరంలో యాంటీబాడీలు పెరిగి రేపటి కిడ్నీ మార్పిడి కష్టం కావచ్చు కనుక, మార్పిడి ఆశ ఉన్నవారు ఆ సంగతి ముందే గుర్తుచేయాలి.

ఆపరేషన్ తరువాతి 72 గంటలు ఫ్లాప్‌కు గండం. నర్సులు మొదట్లో గంటగంటకూ దాని రంగు, వెచ్చదనం చూస్తారు, డాప్లర్‌తో శబ్దం వింటారు. పాలిపోయి చల్లబడితే రక్తం లోపలికి రావడం లేదని, నీలంగా ఉబ్బితే బయటికి పోవడం లేదని అర్థం. ఈ గడువులోనే డయాలసిస్ కూడా చేయక తప్పదు. రక్తస్రావం కాకుండా ఆ డయాలసిస్‌ను హెపారిన్ లేకుండా చేస్తారు: పావుగంటకో అరగంటకో 100 నుంచి 200 మిల్లీలీటర్ల సెలైన్‌తో ఫిల్టరును కడుగుతూ ఉంటారు, అలా లోపలికి వెళ్ళిన సెలైన్‌ను కూడా లెక్కలో కలిపి బయటికి తీయాలి. మాలాంటి వాళ్ళం ఇక్కడే తొందరపడకూడదు. నాలుగు గంటల్లో మూడు లీటర్లు లాగేస్తే బీపీ కూలుతుంది, ఫ్లాప్‌లో రక్తం నిలుస్తుంది. నీరు తక్కువ తీస్తూ, ఎక్కువ గంటలు నిదానంగా చేయడం మేలు. బీపీ ఏ అంకె కన్నా దిగకూడదో సర్జన్ చేత అంకె వేయించి డయాలసిస్ చార్టు మీద రాయించండి. జాగ్రత్తగా ఉండండి అన్న మాటకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు, అంకె అందరికీ ఒకటే.

గొంతులో శ్వాస గొట్టం ఉన్నన్నాళ్ళు రోగి మాట్లాడలేరు. డయాలసిస్‌లో కళ్ళు తిరుగుతున్నాయని, కాళ్ళు కొంకర్లు పోతున్నాయని చెప్పుకోలేరు. ఒక పలక ఇవ్వండి. చదువురాని వారైతే ఆపరేషన్‌కు ముందే సైగలు అనుకోండి: చేయి ఛాతీ మీద పెడితే ఆయాసం, పిక్క చూపిస్తే కొంకర్లు, కళ్ళు గట్టిగా మూస్తే తల తిరగడం.

ముక్కు గొట్టంతో తిండి

నోటి కుట్లు మానేదాకా తిండి ముక్కు గొట్టంలోంచే వెళ్తుంది. చూడడానికి వచ్చే చుట్టాలు ప్రేమతో తెచ్చేది కొబ్బరి బోండాం. బీచ్ రోడ్డులో అయినా, కేజీహెచ్ బయట అయినా బండి మీద దొరుకుతుంది, ఆపరేషన్ అయిన మనిషికి చలవ చేస్తుందని మనందరి నమ్మకం. ఒక్క బోండాం నీళ్ళలో 500 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం ఉంటుంది. కిడ్నీలు పనిచేయని, కండ నలిగి, రక్తం ఎక్కించిన శరీరంలో అప్పటికే పెరుగుతున్న పొటాషియానికి అది తోడైతే గుండె ఆగిపోవచ్చు. నోటితో తాగేవారైతే ఒక గుక్కతో ఆగుతారేమో, ముక్కు గొట్టంలో సిరంజితో పోసేటప్పుడు గ్లాసంతా నిమిషంలో లోపలికి పోతుంది. బత్తాయి రసం, అరటిపండు కలిపిన జావ, కూరగాయల కట్టు, పప్పు మీది తేట, అన్నీ ఈ కోవలోవే. మంచం తలవైపు ఒక కాగితం అంటించి, డైటీషియన్ రాసింది తప్ప గొట్టంలో ఏమీ పోయవద్దు అని రాయండి. చుట్టాలు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

తిండి తక్కువైనా కుట్లు మానవు. డయాలసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు సుమారు 1.2 గ్రాముల ప్రోటీన్, 30 నుంచి 35 క్యాలరీలు కావాలి. 50 కిలోల మనిషికి 60 గ్రాముల ప్రోటీన్, 1500 క్యాలరీలకు తగ్గకూడదన్న మాట. మామూలు జావలతో దీన్ని చేరాలంటే రెండు లీటర్లు పోయాలి, అంత నీరు ఆ శరీరం భరించలేదు. డయాలసిస్ రోగుల కోసమే చేసే చిక్కని ఫీడ్‌లలో మిల్లీలీటరుకు 1.8 క్యాలరీల దాకా ఉంటాయి, వాటితో 850 మిల్లీలీటర్లలోనే సరిపోతుంది. ఖర్చు భరించలేనివారు ఉడికించిన గుడ్ల తెల్లసొనను మెత్తగా రుబ్బి, పలచని గుడ్డలో వడకట్టి, డైటీషియన్ చెప్పిన లెక్కలో ఇవ్వవచ్చు. ఒక్కో తెల్లసొనలో మూడున్నర గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. గొట్టం కడగడానికి పోసే నీళ్ళు, మాత్రలు కరిగించే నీళ్ళు కూడా రోజు మొత్తం నీటిలో కలపాలి. ఫాస్ఫరస్ తగ్గించే సెవెలమర్ మాత్రను నూరి పోస్తే నీటిలో ఉబ్బి గొట్టాన్ని మూసేస్తుంది, పొడి రూపంలో దొరికేది రాయించుకోండి.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు వద్దు. మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో నిలిచిపోతాయి, ఫెంటనిల్ మేలు. నరాల నొప్పికి ఇచ్చే గబాపెంటిన్ మోతాదు తగ్గించకపోతే రోగి లేవకుండా మగతలో పడి ఉంటారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సాపరిన్ కూడా పేరుకుపోతుంది కాబట్టి చాలాచోట్ల మామూలు హెపారిన్ వాడతారు. ప్రతి కొత్త చీటీ మీదా డయాలసిస్ రోగి అని ఎర్ర అక్షరాలతో రాయించండి.

ఇంటికి వెళ్ళిన తరువాత

రేడియేషన్ అవసరమైతే ఆపరేషన్ తరువాత ఆరు వారాల లోపు మొదలుపెట్టాలని చూస్తారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు నడుస్తుంది. డయాలసిస్ వారానికి మూడు రోజులు. నగరంలో డయాలసిస్, అగనంపూడిలో రేడియేషన్ అయితే గాజువాక మీదుగా ఆ దూరం ఒకే రోజు రెండుసార్లు తిరగాలి. ఎక్కడైనా ఒకచోట షిఫ్టు మార్చమని నెలరోజుల ముందే అడగండి. తెల్లవారుజామున డయాలసిస్, మధ్యాహ్నం రేడియేషన్ పెట్టుకున్నవారు మా దగ్గర ఒక్క విడతా తప్పకుండా పూర్తిచేశారు. ముఖానికి రేడియేషన్ తొడుగు కొలత తీసే రోజు డయాలసిస్ మర్నాడైతే మంచిది, నీరుపట్టి ఉబ్బిన ముఖానికి చేసిన తొడుగు తరువాత వదులవుతుంది. పళ్ళు తీయించవలసినవి ఉంటే రేడియేషన్‌కు ముందే తీయించాలి. సిస్‌ప్లాటిన్ కిడ్నీల ద్వారా పోయే కీమో మందు కాబట్టి డయాలసిస్ రోగులకు మామూలు మోతాదులో ఇవ్వరు. కార్బోప్లాటిన్‌ను లెక్కగట్టి తగ్గించి, లేదా వేరే మందును, డయాలసిస్ వేళలకు కుదిర్చి ఇస్తారు. కిడ్నీ మార్పిడికి ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు ఉన్నవారు ఆ జాబితా సంగతి కిడ్నీ డాక్టరుతో మాట్లాడాలి, క్యాన్సర్ తిరిగి రాలేదని తేలేదాకా సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళు ఆగమంటారు.

డ్రై వెయిట్ మళ్ళీ కట్టించుకోండి. ఆపరేషన్, రేడియేషన్ కలిసి మనిషిని కరిగిస్తాయి, పోయిన కండ స్థానంలో నీరు చేరుతుంది, తూకం మాత్రం పాత అంకే చూపిస్తుంది. మా పెద్దమ్మ ఆపరేషన్‌కు ముందు 47 కిలోలు. రెండు నెలల తరువాత కూడా యంత్రం మీద అదే 47 పెట్టి నీరు తీస్తున్నారు, ఆమె మాత్రం రాత్రిళ్ళు పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. వారానికి కొంచెం కొంచెంగా దించుతూ 43కు తెచ్చాక, చాప పరిచి వెల్లకిలా పడుకుంది.